మెట్ల కింద డ్రమ్ము ఎవరిది?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

అద్దె ఇళ్ళలో నీటి మోటారు కరెంటు బిల్లును వాటాల మధ్య ఎలా పంచుకోవాలో కిందటి సంచికలో రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బిల్లు సంగతి వదిలేసి చెత్త సంగతి ఎత్తుకున్నాయి. అద్దెకున్నవారూ రాశారు, ఇంటిగలవారూ రాశారు. ఇరువైపుల ఉత్తరాల్లోనూ బాధ నిజమైనదే. పురపాలక పారిశుద్ధ్య విభాగంలో చాలా ఏళ్ళు పనిచేసినవాడిగా ఈ తగవు నాకు కొత్త కాదు. కొన్ని ఉత్తరాలను కుదించి, వాటికి నాకు తెలిసినంత వివరంగా సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: విజయవాడ సత్యనారాయణపురంలో మూడంతస్తుల డాబాలో ఏడు వాటాలున్నాయి. ఇంటిగలవారు హైదరాబాదులో ఉంటారు, అద్దె ఫోన్ ద్వారా పంపుతాం. చెత్త వేయడానికి మెట్ల కింద మూత లేని డ్రమ్ము ఒకటే ఉంది. చెత్త బండి ఉదయం ఆరున్నరకు వచ్చి, విజిల్ వేసి, రెండు నిమిషాల్లో వెళ్ళిపోతుంది. డ్రమ్మును బండి దాకా ఎవరు మోయాలన్న దాని మీద రోజూ మాటామాటా వస్తోంది. మాది కింది వాటా కావడంతో వాసన, ఈగలు, ఎలుకలు మా వంతుకు వచ్చాయి. యజమానిగారికి చెబితే "చెత్త చేసింది మీరు, తీసుకోవలసిందీ మీరే" అంటున్నారు. చట్టం ఏమంటుంది?
– ఒక గృహిణి, సత్యనారాయణపురం

సమాధానం: మీ యజమానిగారు చెప్పినది సగమే నిజం. కేంద్ర ప్రభుత్వం 2016 ఏప్రిల్‌లో తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెత్తను ఉత్పత్తి చేసేవారిని నిర్వచిస్తూ వ్యక్తులతో పాటు ప్రతి నివాస ప్రాంగణాన్నీ ఆ నిర్వచనంలో చేర్చాయి. కూరగాయల తొక్కు పారేసిన చేతికి ఎంత బాధ్యత ఉందో, ఆ తొక్కు పడివున్న ప్రాంగణానికీ అంత బాధ్యత ఉందని దీని అర్థం. ప్రాంగణానికి నోరు లేదు కాబట్టి దాని తరఫున జవాబు చెప్పవలసినవారు దాని యజమానే. చెత్తను రకాలవారీగా వేరుచేసి ఇవ్వాలని కూడా అవే నియమాలు చెప్పాయి. ఆ నియమాన్ని 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త నియమాలు మరింత బిగించాయి. పాత నియమాలు చెత్తను మూడు రకాలుగా వేరు చేయమంటే, కొత్తవి నాలుగు రకాలు చేయమన్నాయి. అవి తడి చెత్త, పొడి చెత్త, డైపర్లూ శానిటరీ ప్యాడ్లూ వంటి పారిశుద్ధ్య చెత్త, వీటికి తోడు కాలిపోయిన బల్బులు, రంగు డబ్బాలు, గడువు తీరిన మందులు, పగిలిన పాదరసపు థర్మామీటర్లు వంటి ప్రత్యేక శ్రద్ధ అవసరమైన చెత్త. మూత లేని ఒకే డ్రమ్మును ఏడు కుటుంబాలకు ఇచ్చి, వేరుచేయండి అని చెప్పడంలో అర్థం లేదు. వేరుచేయడానికి తగిన ఏర్పాటు లేని ఇంట్లో ఆ పని జరగకపోవడానికి మొదటి కారకులు ఏర్పాటు చేయనివారే.

ఇలాంటి తగవుల్లో ఎవరి వంతు ఏదో తేల్చడానికి నేను ఏనాటి నుంచో ఒక కొలత పాటిస్తున్నాను. వాటా తలుపు లోపల జరిగేది, అంటే వేరుచేయడం, నీరు వంచి మూటకట్టకుండా వేయడం, ప్యాడ్లను కాగితంలో చుట్టడం, వేళకు బయటికి తేవడం, అద్దెకున్నవారి పని. వాటా తలుపు దాటిన దగ్గర నుంచి వీధి గేటు దాకా ఉన్న మెట్లు, నడవ, పెరడు, మేడ పైభాగం ఏ ఒక్కరికీ అద్దెకు ఇచ్చినవి కావు, అవి యజమాని ఆధీనంలోనే ఉన్నాయి. కాబట్టి అక్కడ పాత్రలు, చోటు, నీళ్ళ కుళాయి, శుభ్రం చేసే మనిషి అన్నవి యజమాని చూడవలసినవి. ఆ మనిషికి ఇచ్చే జీతాన్ని నిర్వహణ ఖర్చుగా అద్దెదారుల మీద సమంగా వేసుకోవచ్చు, అందులో తప్పులేదు. ఏర్పాటే చేయకుండా చేతులు దులుపుకోవడం తప్పు.

ఎంత పాత్ర కావాలో లెక్క వేసి చూపితే యజమానికి విషయం త్వరగా అర్థమవుతుంది. మన పట్టణాల్లో మనిషికి రోజుకు 200 గ్రాముల నుంచి 600 గ్రాముల దాకా చెత్త వస్తుందని ప్రజారోగ్య ఇంజనీర్లు లెక్కకు వాడుకునే అంచనా. మీ ఏడు వాటాల్లో ఇరవై ఎనిమిది మంది ఉన్నారనుకుంటే రోజుకు సుమారు 6 నుంచి 17 కిలోలు. బండిని రెండు రోజులు అందుకోకపోతే మెట్ల కింద 12 నుంచి 34 కిలోలు పేరుకుంటాయి, అందులో పెద్ద భాగం కుళ్ళేదే. తడికీ పొడికీ మూతలున్న పెద్ద డ్రమ్ములు ఒక్కొక్కటి, మిగిలిన రెండు రకాలకూ చిన్న డబ్బాలు ఒక్కొక్కటి ఉంటే చాలు. ఏడు వాటాల నెల అద్దెతో పోలిస్తే ఈ ఖర్చు చెప్పుకోదగ్గది కాదు.

మీరు రాయని విషయం ఒకటి నేను అడుగుతున్నాను. ఆ మెట్ల కిందే కరెంటు మీటర్ల బోర్డు కూడా ఉందా? మన డాబాల్లో సాధారణంగా మీటర్లు, ద్విచక్ర వాహనాలు, చెత్త డ్రమ్ము అన్నీ మెట్ల కిందే చేరతాయి. పొడి చెత్తలో కాగితం, అట్టపెట్టెలు, ప్లాస్టిక్ ఉంటాయి. మీటరు దగ్గర ఒక్క నిప్పురవ్వ రాలితే పైరెండు అంతస్తులవారికి కిందికి దిగే దారి అదొక్కటే. వాసన కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇది. డ్రమ్ములను గేటు పక్కన, ఎండ తగలని చోట, కాలువ వైపు వాలుగా సిమెంటు చేసిన నేల మీదికి మార్చమని ఈ కారణం కూడా చూపి అడగండి.

దూరాన ఉన్న యజమాని చేయవలసింది మరొకటి ఉంది. తన బదులు స్థానికంగా జవాబు చెప్పే మనిషిని పెట్టి, ఆ పేరూ ఫోన్ నంబరూ గేటు దగ్గర రాయించాలి. పక్కవీధిలో రెండు మూడు ఇళ్ళవారు కలిసి ఒక మనిషిని మాట్లాడుకున్నా సరిపోతుంది. బండి వచ్చే వేళకు డ్రమ్ములు బయట పెట్టి, తరువాత కడిగి లోపల పెట్టడమే ఆ పని. ఆ మనిషికి చేతి తొడుగులు, చీపురు, ఫినాయిలు యజమానే కొనివ్వాలి.

ముందుగా ఏడు కుటుంబాలూ సంతకాలు చేసి యజమానికి ఉత్తరం రాయండి, ఫోన్‌లో మాట్లాడిన మాటకు సాక్ష్యం ఉండదు. పదిహేను రోజులు గడువు ఇచ్చి, కదలిక లేకపోతే ఆ ఉత్తరం నకలును వార్డు సచివాలయంలోని పారిశుద్ధ్య కార్యదర్శికి ఇవ్వండి. అప్పటికీ ఫలితం లేక, కంపు వీధివారి ఆరోగ్యానికే ముప్పుగా మారితే, ప్రజలకు ఇబ్బంది కలిగించేదాన్ని తొలగించమని ఆజ్ఞాపించే అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఉంది. పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ)లో ఇది 133వ సెక్షను. రత్లాం పట్టణంలో మురుగు భరించలేని వీధివారు ఆ సెక్షను పట్టుకుని వెళితే, డబ్బు లేదన్న పురపాలక సంఘం వాదనను సుప్రీంకోర్టు 1980లో తోసిపుచ్చింది. మీ విషయం అంత దూరం పోదనే నా నమ్మకం. అద్దెలో మీకు మీరుగా కోత పెట్టడం మాత్రం చేయకండి. మీ పక్షాన ఉన్న న్యాయం ఆ ఒక్క పనితో బకాయి తగవుగా మారిపోతుంది.

ప్రశ్న: మా ఇంటిగలవారు అద్దె, నీళ్ళ డబ్బు కాకుండా "చెత్త పన్ను" పేరుతో వాటాకు నెలకు వంద రూపాయలు తీసుకుంటున్నారు. ఆ పన్ను తీసేశారని విన్నాం. ఇవ్వాలా?
– ఒక ప్రైవేటు ఉద్యోగి, భవానీపురం

సమాధానం: పన్ను పేరుతో అయితే ఇవ్వనక్కరలేదు. 2021 అక్టోబరు 2న విజయవాడలో క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం ప్రారంభమైన తరువాత ఇంటింటి చెత్త సేకరణకు నెలవారీ రుసుము వసూలు చేసిన మాట నిజమే. దాన్ని రద్దు చేస్తున్నట్టు 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి ప్రకటించారు, ఆపై చట్టంలోనూ సవరణ వచ్చింది. లేని పన్ను పేరు చెప్పి వసూలు చేయడానికి ఇంటి యజమానికి హక్కు లేదు. ఆ వందతోనే మెట్లు ఊడ్చి చెత్త బయట పెట్టే మనిషికి జీతం ఇస్తున్నట్టయితే సంగతి వేరు. అది నిర్వహణ ఖర్చు, దాన్ని ఆ పేరుతోనే అడగాలి. ఎన్ని వాటాల నుంచి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది ఒక నోటుపుస్తకంలో రాసి అడిగినవారికి చూపాలి. మర్యాదగా "ఈ డబ్బు దేనికండీ" అని అడిగి, రసీదు కోరండి. ఇంటిపన్ను బిల్లు యజమాని పేరున వస్తుంది, ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే అది మీ మీద పడదు.

ప్రశ్న: అయ్యా, నేను పటమటలో ఉంటాను. మావారు పోయిన తరువాత పై అంతస్తును పదిమంది చదువుకునే పిల్లలకు గదులుగా అద్దెకిచ్చాను, నా బతుకు దాని మీదే. పిల్లలు చెడ్డవాళ్ళు కారు కానీ, రాత్రి తెప్పించుకున్న బిర్యానీ డబ్బాలు కిటికీలోంచి పక్కింటి రేకుల మీద పారేస్తున్నారు. పక్కింటివారు నాతో మాట్లాడటం మానేశారు. మొన్న బాత్రూము గొట్టం మూసుకుపోతే ప్లంబరు వచ్చి, ప్లాస్టిక్ సంచులూ సబ్బు కాగితాలూ బయటికి తీసి పదిహేను వందలు తీసుకున్నాడు. నీళ్ళు ఆపేస్తే దారికి వస్తారని మా అన్నయ్య అంటున్నారు. ఆ ఖర్చు అడ్వాన్సులో పట్టుకోవచ్చా?
– పేరు వద్దన్న పాఠకురాలు, పటమట

సమాధానం: అమ్మా, నీళ్ళు మాత్రం ఆపకండి. అద్దె సక్రమంగా ఇస్తూ ఒప్పందానికి కట్టుబడినంత కాలం అద్దెదారు ఆటంకం లేకుండా ఉండవచ్చునని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను చెబుతోంది. రాష్ట్రాలు అనుసరించడానికి కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇంకొంచెం ముందుకు వెళ్ళి, నిలుపుదల చేయరాని అత్యవసర సేవల్లో నీటినీ కరెంటునూ పారిశుద్ధ్యాన్నీ చేర్చింది. పైగా నీళ్ళు ఆపిన ఇంట్లో శుభ్రత పెరగదు, తగ్గుతుంది.

మీ ఖర్చు విషయంలో అదే 108వ సెక్షను మీకు అండగా ఉంది. ఇల్లు తనకు అప్పగించినప్పటి మంచి స్థితిలో ఉంచడం అద్దెదారు బాధ్యత, తన వల్ల కలిగిన నష్టాన్ని యజమాని తెలియజేసిన మూడు నెలల్లోగా బాగుచేయించడం కూడా అద్దెదారు బాధ్యతే. కాబట్టి ప్లంబరు దగ్గర రాతపూర్వకంగా బిల్లు తీసుకుని, పదిమందికీ ఒక చీటీ రాసి, తలా నూట యాభై ఇవ్వమని అడగండి. ఇవ్వకపోతే ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో మినహాయించుకుంటామని ఆ చీటీలోనే రాసి, సంతకాలు తీసుకోండి. చెప్పకుండా చివర్లో పట్టుకుంటే తగవు వస్తుంది.

అయితే మీ వైపున లోటు ఏమైనా ఉందేమో కూడా చూడమని కోరుతున్నాను. పై అంతస్తులో చెత్తబుట్టలు ఎన్ని ఉన్నాయి? బాత్రూములో మూత ఉన్న చిన్న డబ్బా ఉందా? రాత్రి పదకొండు గంటలకు తిన్న కుర్రవాడు ఆ డబ్బాను ఎక్కడ పెట్టాలి? కింది గేటుకు తొమ్మిదింటికే తాళం పడితే, పైన బుట్ట లేకపోతే, గదిలో చీమలు పడతాయని భయపడి కిటికీ తీస్తారు. వారు చేసింది తప్పే, దాన్ని సమర్థించడం లేదు. కానీ పైన వరండాలో మూత ఉన్న డ్రమ్ములు రెండు పెట్టి, తిండి మిగులు ఒకదానిలో, తుడిచిన డబ్బా మరొకదానిలో వేయమని చూపిస్తే చాలామంది వేస్తారు. పదిమందికీ వారానికి ఇద్దరు చొప్పున వంతు రాసి గోడకు అంటించండి. కిటికీలకు దోమల జాలీ బిగించండి, దోమలూ ఆగుతాయి, డబ్బాలూ ఆగుతాయి.

పక్కింటి రేకులను ఒకసారి మీరే మనిషిని పెట్టి శుభ్రం చేయించండి. ఆ డబ్బాల్లో వాననీరు నిలిస్తే డెంగీ దోమ గుడ్డు నుంచి దోమగా ఎగరడానికి వారం పదిరోజులు చాలు. మన ఆరోగ్యశాఖవారు శుక్రవారం డ్రైడే, అంటే నిల్వనీరు పారబోసే రోజు, పాటించమని చెప్పేది ఈ లెక్క మీదే. పిల్లల్లో ఎవరైనా మూడుసార్లు రాతపూర్వకంగా చెప్పినా మారకపోతే, పొరుగువారికి ఇబ్బంది కలిగించడం ఇల్లు ఖాళీ చేయమనడానికి న్యాయమైన కారణమే. ఒప్పందంలో ఆ మాట ముందే రాసి ఉంటే మీ పని సులువు అవుతుంది. వచ్చే ఏడాది కాగితం రాసేటప్పుడు చెత్త ఎక్కడ వేయాలి, ఏ వేళకు, తప్పితే ఏమవుతుంది అని మూడు వాక్యాలు చేర్చండి.

ప్రశ్న: మొగల్రాజపురం కొండ మీద అద్దెకుంటున్నాం. మా ఇంటికి ఎనభై పైచిలుకు మెట్లు ఎక్కాలి. చెత్త బండి కింది రోడ్డు మీదే ఆగుతుంది. వృద్ధురాలైన మా అత్తగారు దిగలేరు, మేము పొద్దున్నే పనికి వెళతాం. ఇంటిగలాయన "వెనక గెడ్డలో పారేయండి, వానకు కొట్టుకుపోతుంది" అంటారు. కింద ఉన్నవారు తిడుతున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, మొగల్రాజపురం

సమాధానం: వానకు కొట్టుకుపోయింది ఎక్కడికి పోతుందో మీ యజమానిగారిని ఒకసారి ఆలోచించమనండి. కొండ మీది నీరు కింది వీధి కాలువలోకి, అక్కడి నుంచి పెద్ద కాలువల్లోకి దిగుతుంది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఈ మూడూ ఊరి మధ్య నుంచే పోతున్నాయి, వాటి నీరు కింద పొలాలకు పారుతుంది, ఊళ్ళ చెరువులు నింపుతుంది. మనం గెడ్డలో వేసిన సంచి కింది వీధివారి గుమ్మంలో ఆగకపోతే ఏ తూములోనో ఆగుతుంది. వీధిలో గానీ, మురుగుకాలువలో గానీ, నీటివనరుల్లో గానీ చెత్త వేయడాన్ని, తగలబెట్టడాన్ని, పూడ్చడాన్ని నియమాలు నేరుగా నిషేధించాయి. వేయమని చెప్పిన యజమాని మాట మీకు రక్షణ కాదు, వేసిన చేయి మీది.

కొండ ఇళ్ళ కష్టాన్ని మాత్రం తక్కువ చేసి మాట్లాడను. నగరాల శుభ్రతను కొలిచే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2021లో దేశంలో మూడో స్థానం పొందిన నగరం మన విజయవాడ. ఆ గౌరవం సాధించిన పారిశుద్ధ్య కార్మికులు కొండ మెట్లు ఎక్కి దిగి మోసినవారే. అయినా మెట్ల పొడవునా ప్రతి గుమ్మానికీ రోజూ చేరడం మనుషులతో అయ్యే పని కాదని ఉద్యోగంలో ఉండగా కళ్ళారా చూశాను. మురికివాడలతో సహా ఇంటింటి సేకరణ జరపడం స్థానిక సంస్థ విధి అని 2016 నియమాలే చెప్పాయి కాబట్టి, మీ మెట్ల వరుసలోని ఇళ్ళవారందరూ కలిసి, మెట్ల మధ్యలో ఒక చోటికైనా కార్మికుడు వచ్చేలా వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా అడగండి. ఆ చోట మూత ఉన్న డ్రమ్ములు పెట్టడం, వాటికి నీడ వేయడం ఇళ్ళ యజమానుల వంతు. నాలుగు ఇళ్ళవారు కలిస్తే ఒక్కొక్కరికి పడేది స్వల్పం.

అసలు ఉపాయం కిందికి మోయవలసిన బరువు తగ్గించడంలో ఉంది. కంపు కొట్టేది, ఆగలేనిది తడి చెత్త మాత్రమే. దాన్ని కొండ మీదే ఎరువుగా మార్చేస్తే, పొడి చెత్తను వారానికి రెండుసార్లు దించినా ఇబ్బంది లేదు. ఇరవై లీటర్ల పాత రంగు డబ్బాలు రెండు తీసుకుని శుభ్రంగా కడిగి, అడుగునా చుట్టూ సన్నని రంధ్రాలు చేయండి. అడుగున ఎండుటాకులు లేదా కొబ్బరి పొట్టు నాలుగు వేళ్ళ మందాన పరచండి. రోజూ కూరగాయల తొక్కలు, టీపొడి, పూజ పూలు చిన్న ముక్కలు చేసి వేసి, అంతే పరిమాణంలో ఎండుటాకు కప్పండి. పులిసిన మజ్జిగ అరగ్లాసు చల్లితే త్వరగా పనిచేస్తుంది. మూడు రోజులకొకసారి కర్రతో కలపాలి. చేతిలో పిడికిలి బిగిస్తే తడి తెలియాలి కానీ నీరు కారకూడదు. వాసన వచ్చిందంటే తడి ఎక్కువైందని అర్థం, ఇంకొంచెం ఎండుటాకు వేస్తే పోతుంది. మాంసం, చేప ముళ్ళు, నూనె కూరలు మొదట్లో వేయకండి, ఎలుకలు వస్తాయి. ఒక డబ్బా నిండగానే పక్కన పెట్టి రెండోదానిలో మొదలుపెడితే, నెలన్నర రెండు నెలలకు మొదటిది మట్టి వాసన వేసే నల్లని ఎరువవుతుంది. వేసవిలో నూజివీడు మామిడి టెంకలు మాత్రం అంత తొందరగా కుళ్ళవు, వాటిని విడిగా ఎండబెట్టండి. డబ్బాలు పెట్టుకోవడానికి పెరట్లోనో మేడ మీదో రెండడుగుల చోటు ఇవ్వమని యజమానిని అడగండి, ఆయన కాదనడానికి కారణం కనిపించదు. మీ అత్తగారు కూర్చుని చేయగలిగిన పని కూడా ఇదే.

ప్రశ్న: గుంటూరు శివార్లలో ఆరు వాటాల ఇంట్లో ఉంటున్నాం. సెప్టిక్ ట్యాంకు నిండి మరుగుదొడ్డి నీరు పైకి తన్నుతోంది. ఇంటిగలవారు ఇద్దరు కూలీలను మాట్లాడారు, వారు ట్యాంకులోకి దిగి తీస్తారట. వాటాకు ఐదు వందలు అడుగుతున్నారు. ఇవ్వడం మా బాధ్యతేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: డబ్బు సంగతి తరువాత. ముందు ఆ మనుషులను ట్యాంకులోకి దిగనివ్వకండి. ఈ ఉత్తరం చేరేసరికి ఆలస్యమవుతుందేమోనన్న భయంతో మీకు నేరుగా ఫోన్ చేసి చెప్పాను, అదే మాటను మిగిలిన పాఠకుల కోసం ఇక్కడ రాస్తున్నాను. ఏళ్ళ తరబడి మూసివున్న ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ పేరుకుని ఉంటాయి. మొదటి వాయువు మొదట కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది, మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనను గుర్తించడం మానేస్తుంది. వాసన పోయింది కదా అని దిగినవాడు రెండు ఊపిరులకే కుప్పకూలుతాడు, అతన్ని లాగడానికి దిగినవాడూ పైకి రాడు. ఇలా ఇద్దరు ముగ్గురు కలిసి పోయిన వార్తలు మనం ఎన్నోసార్లు చదివాం.

చట్టం ఇక్కడ ఏమాత్రం మెతకగా లేదు. మానవ వ్యర్థాలను చేతులతో ఎత్తించే పనిని నిషేధించిన 2013 చట్టం, రక్షణ సాధనాలు లేకుండా మురుగుగుంటలను మనుషుల చేత శుభ్రం చేయించడాన్ని ప్రమాదకర శుభ్రతగా పరిగణించి, ఏ వ్యక్తీ నేరుగా గానీ, మరొకరి ద్వారా గానీ ఆ పనికి మనిషిని పెట్టరాదని ఏడో సెక్షనులో శాసించింది. మొదటిసారి తప్పుకు రెండేళ్ళ దాకా జైలు లేదా రెండు లక్షల రూపాయల దాకా జరిమానా లేదా రెండూ పడవచ్చు, మళ్ళీ చేస్తే ఐదేళ్ళు, ఐదు లక్షలు. ఏ వ్యక్తీ అన్న మాటలో ఇంటి యజమాని ఉన్నారు. చందా ఇచ్చి, తెలిసి మౌనంగా చూసినవారికీ మనశ్శాంతి ఉండదు. ఇలాంటి పనిలో ప్రాణం పోయినవారి కుటుంబాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 20న ఆదేశించింది. కూలీలు ఒప్పుకున్నారు కదా అంటారు. ఆకలిగా ఉన్నవాడి ఒప్పుకోలును ఒప్పుకోలుగా లెక్కించడం న్యాయం కాదని చట్టం చేసినవారు గ్రహించారు, మనమూ గ్రహించాలి.

చేయవలసింది ఏమిటంటే, గొట్టంతో పీల్చే లారీని పిలిపించాలి. దీని కోసం 14420 అన్న సహాయ నంబరు ఉంది, నగరపాలక సంస్థ కార్యాలయంలోనూ అడగవచ్చు. లారీ సందులోకి రాకపోతే పొడవైన గొట్టం వేస్తారు. తీసిన మురుగును శుద్ధి కేంద్రానికే తీసుకువెళతామని లారీవారి చేత చెప్పించుకోవాలి, ఊరి బయట కాలువలో వదిలేస్తే మన ఇంటి మురికిని మరొకరి గుమ్మానికి పంపినట్టే.

ఇక ఖర్చు. ట్యాంకు ఇంటి నిర్మాణంలో భాగం, ఆరు వాటాలకూ ఉమ్మడి. రెండు మూడేళ్ళకోసారి తీయించవలసినదాన్ని ఎప్పుడు తీయించారో గుర్తుంచుకోవడం, వేళకు తీయించడం యజమాని పని. మీరు అద్దెకు దిగి ఎన్నాళ్ళయిందో రాయలేదు. ఆరు నెలల కిందట వచ్చినవారి చేత పదేళ్ళ మురుగుకు డబ్బు కట్టించడం సబబు కాదు. ఒప్పందంలో వాటాదారులు పంచుకోవాలని స్పష్టంగా రాసి ఉంటే ఇవ్వక తప్పదు, లేకపోతే యజమానే భరించాలని నా అభిప్రాయం. అయినా మరుగుదొడ్డి పనిచేయక పిల్లలు అవస్థ పడుతున్న వేళ, లారీని పిలిపిస్తానంటే ప్రస్తుతానికి సర్దుబాటుగా ఇచ్చి, అద్దెలో మినహాయించుకునేలా రాతపూర్వకంగా ఒప్పించుకోవడం మేలు. తీయించిన తేదీని ట్యాంకు పక్క గోడ మీద రంగుతో రాయించండి, తరువాత వచ్చేవారికి పనికొస్తుంది.

ప్రశ్న: ఇంటిగలవారు పెరట్లో రాలిన ఆకులను, దానితో పాటు ప్లాస్టిక్ సంచులను వారానికోసారి తగలబెడుతున్నారు. మా బాబుకు ఉబ్బసం ఉంది. సొంత స్థలం అని అంటున్నారు.
– ఒక తల్లి, గుంటూరు బ్రాడీపేట

సమాధానం: స్థలం వారిదే కానీ పొగ గోడ దాటుతుంది. బహిరంగంగా చెత్త తగలబెడితే ఐదు వేల రూపాయలు, పెద్ద మొత్తంలో అయితే ఇరవై ఐదు వేలు పర్యావరణ పరిహారంగా వసూలు చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించింది. ముందుగా బాబు వైద్యుడి చీటీ చూపి, ఆకులను ఎరువుకు వాడుకోమని నెమ్మదిగా చెప్పండి. మానకపోతే ఫొటో తీసి, తేదీ వేళ రాసి, వార్డు సచివాలయంలో ఇవ్వండి.

ప్రశ్న: ఖాళీ చేసి వెళ్ళిన అద్దెదారు తడిసిన దూది పరుపు, విరిగిన కుర్చీ, సగం వాడిన మందులు, పాత బ్యాటరీలు వదిలేశారు. ఇల్లు నాది, వస్తువులు వారివి. ఎవరు పారేయాలి? ఎక్కడ?
– ఒక ఇంటి యజమాని, అజిత్‌సింగ్ నగర్

సమాధానం: వదిలేసింది వారే అయినా ఇప్పుడు ప్రాంగణం మీ చేతిలో ఉంది కాబట్టి తీయించవలసింది మీరే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తీసిన తరువాత మీ వీధుల్లో గుట్టలుగా పడిన పరుపులను తొలగించడానికి ఎంతమంది ఎన్ని రోజులు శ్రమించారో మీరు చూసే ఉంటారు, కాబట్టి కాలువ గట్టున పెట్టించరనే నమ్ముతున్నాను. పరుపు, కుర్చీ వంటి పెద్ద వస్తువులను రోజువారీ బండి తీసుకోదు, ముందుగా వార్డు పారిశుద్ధ్య కార్యదర్శికి చెబితే వాహనం పంపే రోజు చెబుతారు. మందులను, బ్యాటరీలను విడివిడిగా కాగితపు సంచుల్లో వేసి, పైన పేరు రాసి, కార్మికుడి చేతికి ఇవ్వండి. సూదులు ఉంటే గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించాలి, లేకపోతే అవి గుచ్చుకునేది కార్మికుడి చేతికే. ఖర్చయితే రసీదు ఉంచుకుని అడ్వాన్సులో మినహాయించి, మిగిలింది వెంటనే తిరిగి ఇవ్వండి. ఇకముందు తాళంచెవి తీసుకునే ముందు ఇద్దరూ కలిసి గదులన్నీ, అటకతో సహా, ఒకసారి తిరిగి చూడండి. పరుపులు వదిలేది అటక మీదే.